రహదారి చీటి

మనము నేడు 'రహదారి' అను మాటను పెద్ద బాట అన్న అర్థమున వాడుచున్నాము. విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు రహదారి, మదరాసు నుండి కలకత్తాకు పోవు రహదారి అనుట మనకు అలవాటైనది. కాని రెండువందల సంవత్సరముల క్రిందట ఈ మాట వినినచో తెలుగువానికి ముందుగా తోచునది బాట కాదు, కాగితము. పారసీకమున 'రాహ్' అనగా దారి. 'రాహ్‌దారి' అనగా దారిని కాచుట, ఆ కాపునకై పుచ్చుకొను సుంకము. ఆ సుంకము చెల్లించిన బాటసారికి, లేదా సర్కారువారి అనుమతి పొందిన బాటసారికి ఇచ్చునట్టి చీటి రహదారి చీటి. చీటి గలవానికి దారి కలదు. అది లేనివానికి ఎదుట ఎంత విశాలమైన బాట ఉన్నను దారి లేదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరిరి. పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారము ఆయన వెంట నడిచిరి. ఆ ప్రయాణమున ఆయన కుంపిణీవారి సీమను విడిచి నైజాము రాజ్యమున ప్రవేశించెను. అటుపిమ్మట నాగపూరు రాజ్యమును దాటెను. ఏలిక మారిన చోట నాణెము మారును, కొలత మారును, సుంకపు ఠాణా ఎదురగును. నాటి యాత్రికునకు పరదేశమనగా సముద్రమునకు ఆవల ఉన్నది మాత్రమే కాదు. ఒక నదిని దాటినను పరదేశమే.

వీరాస్వామయ్యగారు ఇల్లు చేరిన డెబ్బది సంవత్సరములకు, ఐరోపాలో ఒక క్రొత్త యాత్రికుడు ఇదే చిక్కులో పడెను. అతడు మోటారుకారు యజమాని. అతని బండి ఒక్క పూటలో రెండు రాజ్యములను దాటగలదు. కాని రాజ్యముల చట్టములు గుఱ్ఱపుబండి నడకలోనే ఉన్నవి. నేడు మన యాత్రికులు పరదేశమునకు పోయి, విమానాశ్రయమున కారు అద్దెకు తీసికొని, గంటలోపుగా బాటమీదికి పోవుచున్నారు. ఈ సౌకర్యము తనంతట తాను వచ్చినది కాదు. సరిహద్దున నిలిచిన అధికారి ఆ క్రొత్త యాత్రికుని అడిగిన ప్రశ్నలు ఐదు. ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము కుదుర్చుటకు దేశములకు ఏండ్లు పట్టినవి. ఆ చరిత్రను ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

మొదటి ప్రశ్న: ఈ బండిని నీవు మా దేశమున అమ్ముకొని పోవని నమ్మకమేమి?

విచిత్రముగా తోచినను, అన్నిటికంటె ముందు వచ్చిన ప్రశ్న ఇదియే. సరిహద్దు అధికారి దృష్టిలో మోటారుకారు ప్రయాణ సాధనము కాదు. అది విలువైన విదేశీ సరకు. దేశములోనికి వచ్చు సరకునకు సుంకము చెల్లింపవలెను. కావున తొలినాళ్ల యాత్రికుడు తన బండికి తగిన సుంకమును రొక్కముగా ఠాణాలో కట్టి, దేశమును విడుచునపుడు దానిని తిరిగి పుచ్చుకొనవలసి ఉండెను. మూడు దేశములు చుట్టి వచ్చువాడు మూడుచోట్ల సొమ్ము కట్టవలెను, మూడుచోట్ల దానికొరకు పడిగాపులు పడవలెను.

ఈ చిక్కును విప్పినవి ప్రభుత్వములు కావు, యాత్రికుల సంఘములు. ఫ్రాన్సుదేశపు టూరింగ్ క్లబ్బు 1890లో సైకిలు యాత్రికుల కొరకు పుట్టినది. ఫ్రెంచి ఆటోమొబైల్ క్లబ్బు 1895లో ఏర్పడినది. 1898లో లక్సెంబర్గున వివిధ దేశముల యాత్రా సంఘములు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినవి. ఈ సంఘములు సుంకపు అధికారులతో ఒక ఏర్పాటు చేసికొనినవి. సభ్యుడు సొమ్ము కట్టనక్కరలేదు; అతడు బండిని తిరిగి తీసికొని పోనిచో ఆ సుంకమును సంఘమే చెల్లించును. ఇందుకు గుర్తుగా 'ట్రిప్టిక్' అను మూడు మడతల కాగితము పుట్టినది. ఒక్క దేశమునకు చెల్లు ఈ కాగితమునుండి, తరువాత అనేక దేశములకు చెల్లునట్టి 'కార్నే' అను పుస్తకము వచ్చినది.

కార్నే పనిచేయు తీరు మిక్కిలి సులభము. ప్రతి పుట మూడు భాగములుగా ఉండును. దేశములోనికి వచ్చునపుడు అధికారి ఒక భాగమును చించి ఉంచుకొనును. బయటకు పోవునపుడు వేరొక భాగమును చించుకొనును. మిగిలిన భాగముపై రెండు ముద్రలు పడి, అది యాత్రికునివద్ద నిలుచును. లోనికి వచ్చినట్లు ముద్ర ఉండి బయటకు పోయినట్లు ముద్ర లేకున్నచో, ఆ ప్రభుత్వము సంఘమును అడుగును. సంఘము యాత్రికుడు ముందుగా చూపిన హామీనుండి సొమ్ము రాబట్టుకొనును. మన గ్రామములలో ఒకనికి అప్పు కావలసినపుడు ఊరి పెద్ద పూచీపడుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. 1954 జూన్ 4న న్యూయార్కులో కుదిరిన సుంకముల ఒడంబడిక ఈ పద్ధతిని అందు చేరిన దేశములన్నిటికి వర్తించునట్లు స్థిరపరచినది. ఐరోపాలో చాలచోట్ల నేడు ఈ పుస్తకము అవసరము లేదు. కాని విదేశీయుడు తన కారును భారతదేశమునకు తాత్కాలికముగా తెచ్చుటకు నేటికిని కార్నే చూపవలెను. కాశి వరకు పోయి, అచటినుండి తమ కారులోనే పశుపతినాథుని దర్శింపబోవు తెలుగువారు నేపాలు సరిహద్దున సుంకపు కచేరీలో దినమునకు ఇంత అని రుసుము చెల్లించి చీటి తీసికొనుట ఎఱుగుదురు. అదియు ఈ కుటుంబమునకు చెందినదే.

రెండవ ప్రశ్న: నీకు బండి నడుపుట వచ్చునని ఎవరు చెప్పిరి?

బండి నడుపువానికి పరీక్ష ఉండవలెనను ఆలోచన పారిసునగరమున మొదలైనది. 1893లో అచటి పోలీసు ఉత్తరువు చోదకునకు యోగ్యతాపత్రము ఉండవలెనని విధించినది. 1899లో ఆ నియమము ఫ్రాన్సుదేశమంతటికి వ్యాపించినది. ఇంగ్లండులో 1903వ సంవత్సరపు మోటారుకారు చట్టము 1904 జనవరి 1 నుండి బండికి సంఖ్యను, చోదకునకు లైసెన్సును తప్పనిసరి చేసినది. కాని ఇంగ్లండులో లైసెన్సు పొందుటకు పరీక్ష లేదు. రుసుము చెల్లించినచో చాలును. అచట పరీక్ష తప్పనిసరి అగుటకు 1935 వరకు ఆగవలసి వచ్చినది. ఒక దేశమున పరీక్షించి ఇచ్చిన పత్రము, వేరొక దేశమున అడిగినవారికెల్ల ఇచ్చిన పత్రము, రెండును సరిహద్దున ఒక్క తీరుగానే కనబడును. వానిని సమానముగా గౌరవించుట ఎట్లు?

కొన్ని సీమలు ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము చెప్పినవి: బండియే వద్దనినవి. స్విట్జర్లండులోని గ్రౌబుండెన్ అను కొండసీమ 1900లో తన బాటలపై మోటారుకార్లను నిషేధించినది. దారిన పోక తప్పనివాడు కారు ముందు గుఱ్ఱములను కట్టి లాగించుకొని పోవలసి వచ్చినది. ఈ విషయమై అచటి ప్రజలు పలుమార్లు ఓట్లు వేసిరి. పలుమార్లు కారు ఓడినది. చివరకు 1925 జూన్‌లో జరిగిన ఓటింగున నిషేధము తొలగినది. నేడు అదే సీమ యాత్రికుల రాకవలన బ్రతుకుచున్నది. దీనినిబట్టి ఆ గ్రామస్థులు మూఢులని అనరాదు. వారి ఇరుకు బాటలపై పశువులు, పిల్లలు, గుఱ్ఱపుబండ్లు తిరుగుచుండెను. ధూళి లేపుచు వచ్చిన పరదేశి, ప్రమాదము జరిగినచో మరునాడు వేరు రాజ్యమున ఉండును. అతనిని ఎవరు పట్టితెత్తురు?

ఈ భయములకును, ఆ సౌకర్యమునకును నడుమ ఒక రాజీగా 1909 అక్టోబరు 11న పారిసునగరమున తొలి అంతర్జాతీయ మోటారు ఒడంబడిక కుదిరినది. చోదకుని గురించియు, బండిని గురించియు ఒకే పత్రమున వ్రాసి, ఒక సంవత్సరము చెల్లునట్లు ఇచ్చు ఏర్పాటు అందు ఉన్నది. మరల 1926 ఏప్రిల్ 24న అదే నగరమున జరిగిన ఒడంబడిక బండి పత్రమును, చోదకుని పత్రమును వేరుచేసినది. నేడు 'ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్' అని మనము పిలుచు పుస్తకము పుట్టుక ఇది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1949 సెప్టెంబరు 19న జెనీవాలో ఐక్యరాజ్యసమితి పక్షమున నూతన ఒడంబడిక జరిగినది. భారతదేశము ఆ సంవత్సరముననే దానిపై సంతకము చేసి, 1962లో దానిని ధ్రువపరచినది. 1968 నవంబరు 8న వియన్నాలో జరిగిన ఒడంబడిక ఈ పర్మిటు గడువును మూడు సంవత్సరముల వరకు పొడిగించుటకు వీలు కల్పించినది. మన దేశము ఇచ్చునది జెనీవా పద్ధతి పర్మిటు. దాని గడువు ఒక్క సంవత్సరమే.

ఈ చిన్న పుస్తకమును గురించి మనవారిలో ఒక అపోహ కలదు. ఇది ప్రపంచమంతట చెల్లు లైసెన్సు అని పలువురు తలచుచున్నారు. అది నిజము కాదు. ఇది మన లైసెన్సునకు అధికారపూర్వకమైన అనువాదము మాత్రమే. ఒకే విషయమును పలుభాషలలో పుట పుటకు తిరిగి వ్రాయుదురు. చివరి పుట ఫ్రెంచి భాషలో ఉండవలెనని ఒడంబడికలోనే ఉన్నది. ఎ అనగా మోటారుసైకిలు. బి అనగా చోదకుడు గాక ఎనిమిదిమందికి మించి ఆసనములు లేని కారు. సి అనగా సరకు లారీ. డి అనగా బస్సు. ఇ అనగా వెనుక బండి తగిలించిన వాహనము. పోలీసువానికి మన భాష రానక్కరలేదు. ఏ అక్షరము ఎదుట ముద్ర ఉన్నదో చూచినచో చాలును. అసలు లైసెన్సు చేత లేనిచో ఈ అనువాదమునకు విలువ లేదు. దీనిని మన రాష్ట్రములలో రవాణాశాఖ కార్యాలయములు ఇచ్చుచున్నవి. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పరిమాణమున, ఒక్కొక్క రంగున ఇచ్చుటవలన విదేశములలో మనవారికి ఇబ్బందులు కలుగగా, 2022 ఆగస్టులో కేంద్రప్రభుత్వము దేశమంతటికి ఒకే నమూనాను నిర్ణయించి, దానిపై అసలు లైసెన్సుతో ముడిపెట్టు క్యూఆర్ సంకేతమును చేర్చినది. ఇంటర్నెట్టున సొమ్ము పుచ్చుకొని అచ్చము ఇట్టి పుస్తకములనే పంపు వర్తకులును కలరు. ఆ పుస్తకములకు చట్టమున విలువ లేదు. మఱియు చైనా ప్రధానభూభాగమున ఈ పర్మిటు ఎవరిచ్చినదైనను చెల్లదు. అచటి తాత్కాలిక లైసెన్సు తీసికొనవలసినదే.

మూడవ ప్రశ్న: నీవు ఏ దేశపువాడవు?

దీనికి సమాధానము 1909 ఒడంబడికలోనే లభించినది. బండి వెనుక 30 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు గల కోడిగ్రుడ్డు ఆకారపు తెల్లని పలక కట్టి, దానిపై నల్లని అక్షరములతో దేశపు గుర్తు వ్రాయవలెను. ఫ్రాన్సునకు ఎఫ్, జర్మనీకి డి, బ్రిటనునకు జి.బి. స్విట్జర్లండున వ్యవహరించు భాషలు నాలుగు గనుక, ఎవరికిని నొప్పి కలుగకుండ, తమ దేశపు లాటిను పేరునుండి సి.హెచ్. అను అక్షరములను ఎన్నుకొనిరి. మన దేశపు గుర్తు 1947 వరకు బి.ఐ., అనగా బ్రిటిష్ ఇండియా. స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరము నుండి అది ఐ.ఎన్.డి. అయినది. జెండా మారిన సంగతి అందరికిని తెలియును; కారు వెనుక పలక మారిన సంగతి ఎఱిగినవారు కొలదిమంది. వందేండ్లకు పైగా జి.బి. అని వ్రాసికొనిన బ్రిటనువారు సయితము 2021 సెప్టెంబరు 28 నుండి ఆ గుర్తును యు.కె. అని మార్చుకొనిరి.

నాలుగవ ప్రశ్న: మా బాట చెప్పు మాట నీకు తెలియునా?

చదువు వచ్చినవాడైనను పరభాషలో నిరక్షరాస్యుడే. 'ముందు మలుపు కలదు' అని హంగేరీ భాషలో వ్రాసిన పలక ఫ్రెంచివానిని కాపాడలేదు. కావున 1909లో దేశములు నాలుగు అపాయములకు బొమ్మలను నిర్ణయించినవి: బాటకు అడ్డముగా గుంట, మలుపు, కూడలి, రైలుగేటు. అపాయస్థలమునకు సుమారు 250 మీటర్ల ముందుగా ఆ బొమ్మను నాటవలెను. నేడు మనము చూచు వందలకొలది గుర్తులకు ఈ నాలుగే పూర్వులు. 1926లో అపాయసూచనకు త్రికోణము స్థిరపడినది. 1931 మార్చి 30న జెనీవాలో జరిగిన వేరొక ఒడంబడిక త్రికోణమును హెచ్చరికకు, వృత్తమును ఆజ్ఞకు, దీర్ఘచతురస్రమును సమాచారమునకు కేటాయించినది. అమెరికావారు మాత్రము తమ దారిని తాము పోయిరి. అచట పసుపుపచ్చని పలకపై మాటలు వ్రాయు అలవాటు ప్రబలినది. నేటికిని మన యాత్రికుడు ఐరోపాలో బొమ్మలను, అమెరికాలో మాటలను చదువుకొనవలసి వచ్చుచున్నది. అక్షరములు లేని ఈ భాష ఇంతవఱకు మానవులందరును కలిసి నేర్చుకొనిన భాషలలో ఒకటి అనుటలో అతిశయోక్తి లేదు.

ఇందు మిక్కిలి ప్రాణాంతకమైన భేదము ఒకటి కలదు: ఎడమా, కుడియా? ఇంగ్లండున 1835వ సంవత్సరపు చట్టము ఎడమను స్థిరపరచినది. ఫ్రాన్సు కుడిని పట్టినది. ఆస్ట్రియాలో 1938 వరకు ఒకే దేశమున కొన్ని సీమలు కుడివైపున, కొన్ని ఎడమవైపున నడిచినవి. 1949 జెనీవా ఒడంబడిక ఈ తగవును తీర్చుటకు సాహసింపలేదు. ఒక్కొక్క దేశము ఏదో ఒక ప్రక్కను ఎన్నుకొని, దేశమంతట ఒకే తీరుగా పాటించినచో చాలునని మాత్రమే పలికినది.

పొరుగువారికొరకు తన అలవాటును మార్చుకొనిన దేశము స్వీడను. దాని పొరుగుననున్న నార్వే, ఫిన్లండు, డెన్మార్కు దేశములు కుడివైపున నడుచుచుండగా స్వీడను ఎడమవైపున నడిచెడిది. పైగా ఆ దేశపు కార్లలో అధికభాగము కుడిబాటకు తగినట్లు ఎడమవైపున చక్రము గలవి. 1955లో ప్రజాభిప్రాయము కోరగా నూటికి 83 మంది మార్పు వద్దనిరి. అయినను 1963లో పార్లమెంటు మార్పునకు నిర్ణయించినది. 1967 సెప్టెంబరు 3, ఆదివారము తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషములకు బాటపైనున్న ప్రతి వాహనము ఆగినది. మెల్లగా కుడిప్రక్కకు చేరి మరల ఆగినది. 5 గంటలకు కదలినది. ఆ రాత్రికి సుమారు 3,60,000 పలకలు మార్చవలసి వచ్చినది. రేడియోలో, టెలివిజనులో, పాల అట్టపెట్టెలపై, పాటలలో నెలల తరబడి ఈ ఒక్క సంగతినే ప్రజలకు చెప్పుచువచ్చిరి. మా వృత్తికి చెందిన విషయము గనుక దీనిని ఒక్కింత గర్వముతో చెప్పుచున్నాము: దేశమంతయు ఒకే నిమిషమున ఒకే పని చేయవలసి వచ్చినపుడు, అందరి చెవికిని ఒక్కసారిగా చేరగల గొంతు ఒకటి కావలెను. మొదటి దినములలో ప్రమాదములు తగ్గినవి. జనులు భయభక్తులతో నడిపిరి. రెండు సంవత్సరములలో అలవాటు వచ్చి, ప్రమాదములు మునుపటివలెనే అయినవి. బర్మా 1970లో ఎడమనుండి కుడికి మారగా, సమోవా 2009లో కుడినుండి ఎడమకు మారినది.

ఎడమబాట దేశమువారమైన మనము కుడిబాట దేశమునకు పోయినపుడు, రద్దీ వీధిలో తప్పు చేయుట అరుదు. ముందు పోవు బండి మనకు దారి చూపును. అపాయమంతయు నిర్జనమైన బాటపైననే. ఉదయముననే లేచి, ఖాళీ వీధిలోనికి బండిని త్రిప్పునపుడు, చేయి పాత అలవాటుననుసరించి ఎడమప్రక్కకు పోవును. వీధి దాటు పాదచారికిని ఇదే గండము. చూపు ముందుగా కుడికి పోవును, బండి ఎడమనుండి వచ్చును. చట్టములు మార్చిన దానికంటె చేతుల అలవాటు మార్చుట కష్టము.

ఐదవ ప్రశ్న: నీ వలన మావాడు గాయపడినచో ఎవరు దిక్కు?

గ్రౌబుండెన్ గ్రామస్థుడు అడిగిన ప్రశ్న ఇదియే. దీనికి తృప్తికరమైన సమాధానము అన్నిటికంటె ఆలస్యముగా వచ్చినది. ఐక్యరాజ్యసమితివారి ఐరోపా ఆర్థిక సంఘము 1949లో చేసిన సిఫారసునుబట్టి 1953 జనవరి 1 నుండి 'గ్రీన్ కార్డు' అను బీమాపద్ధతి అమలునకు వచ్చినది. అందు చేరిన ప్రతి దేశమున ఒక బీమా కార్యాలయము ఉండును. పరదేశి కారు తగిలి గాయపడినవాడు ఆ పరదేశిని వెదకుచు సరిహద్దులు దాటనక్కరలేదు. తన దేశపు కార్యాలయమును అడుగును. అది నష్టపరిహారము చెల్లించి, పరదేశి దేశపు కార్యాలయమునుండి రాబట్టుకొనును. మొదటి నాలుగు ఏర్పాటులును యాత్రికుని సౌకర్యమునకు పుట్టినవి. ఈ ఐదవది ఇంటివాని కొరకు పుట్టినది. అతిథికి మర్యాద ఎంత ముఖ్యమో, ఆతిథ్యమిచ్చువానికి రక్షణయు అంత ముఖ్యము. ఇది లేక తక్కిన నాలుగును ఏకపక్షములే.

ఈ ఐదు సమాధానములును కుదిరినపుడు మానవుడు ఎంత దూరము పోగలడో చూపిన ప్రయాణములు కొన్ని కలవు. 1907లో పెకింగునుండి పారిసునకు ఐదు బండ్లు బయలుదేరినపుడు ఈ ఏర్పాటులేవియు లేవు. ఇటలీ రాజకుమారుడు బోర్గీజ్ జూన్ 10న బయలుదేరి ఆగస్టు 10న పారిసు చేరెను. ఎడారిలో పెట్రోలును ఒంటెలపై ముందుగా పంపవలసి వచ్చినది. 1927 నుండి 1929 వరకు క్లేరెనోర్ స్టిన్నెస్ అను జర్మను యువతి ఒక స్వీడిషు ఛాయాగ్రాహకునితో కలిసి కారులో భూగోళమును చుట్టి వచ్చెను. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్‌రోవర్లలో లండను విడిచి, మన దేశము మీదుగా, అస్సాము కొండలను, బర్మా అడవులను దాటి, 1956 మార్చిలో సింగపూరు చేరిరి. మరుసటి సంవత్సరము, అనగా 1957 ఏప్రిల్ 15న, లండనునుండి కలకత్తాకు ఒక బస్సు ఇరువదిమంది ప్రయాణికులతో బయలుదేరినది. ఆ తరువాత ఇరువది ఏండ్లకు పైగా ఐరోపా యువకులు వేలకొలదిగా ఇస్తాంబులు, టెహరాను, కాబూలు మీదుగా మన దేశమునకు వచ్చిరి.

1979లో ఇరానున విప్లవము వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులో సోవియటు సేనలు ఆఫ్గనిస్తానమున ప్రవేశించినవి. ఆ మార్గము మూతపడినది. ఇచట మనము గమనింపవలసిన విషయము ఒకటి కలదు. బాట చెడిపోలేదు. కార్నే పుస్తకములు అచ్చగుచునే ఉన్నవి. పర్మిటుల ముద్రలు మాయలేదు. ఖైబరు కనుమలో తోర్ఖం గేటు నాడు ఎచట ఉన్నదో నేడును అచటనే ఉన్నది. పోయినది ఒక్క నమ్మకము. ఆ గేటు వద్ద కుడిప్రక్కనుండి ఎడమప్రక్కకు మారవలెనని పర్యాటకునకు తెలిసినను, ఆ తెలివితో పనిలేకపోయినది.

దీనికి ఎదురుగా వేరొక దృశ్యమును చూడుడు. థాయిలాండునకును లావోసునకును నడుమ మెకాంగు నదిపై 1994 ఏప్రిలులో ఒక వంతెన తెరచిరి. ఈ ఒడ్డున బండ్లు ఎడమవైపున నడుచును; ఆ ఒడ్డున కుడివైపున నడుచును. వంతెన దాటిన చోట ఒక దీపస్తంభము ఉండి, ఎఱ్ఱదీపము, పచ్చదీపము చూపుచు, రెండు దిక్కుల బండ్లను ఒకదాని తరువాత ఒకటిగా ప్రక్క మార్పించును. ఎవరి అలవాటును ఎవరును విడువలేదు. ఒకరికొకరు నిమిషముసేపు ఆగుటకు మాత్రము ఒప్పుకొనిరి. ఈ ఐదు ప్రశ్నల చరిత్రయంతయు ఆ వంతెన చివర మనకు కనబడుచున్నది.

నేడు మన పల్లెలనుండియు, పట్టణములనుండియు అమెరికాకు, ఆస్ట్రేలియాకు, గల్ఫు దేశములకు పోయి వచ్చువారు లక్షలకొలది కలరు. పిల్లలను చూడబోయిన తండ్రి అచట కొడుకు కారును నడుపవలెనని ముచ్చటపడుట సహజము. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రపు నియమము ఒక్కొక్క తీరున ఉండును. బయలుదేరుటకు ముందే ఆ రాష్ట్రపు నియమమును, బీమా షరతును తెలిసికొనుట మేలు. జేబులో లైసెన్సు, దానితో పాటు పర్మిటు ఉంచుకొనవలెను. ఇవి చిన్న జాగ్రత్తలు. అయినను ఆ చిన్న పుస్తకమును చేతబట్టినపుడు, దాని వెనుక నూరు సంవత్సరములకు మించిన బేరసారములు, సందేహములు, రాజీలు ఉన్నవని తలచుకొనుట ఉచితము. దానిని చూపినవానిని ఎన్నడును చూడని అధికారి నమ్ముచున్నాడు. నమ్మినవాని బాటపై, వాని పిల్లలు బడికి పోవు వీధిలో, మనము బండి నడుపుచున్నాము.

మాట అర్థము మారుట భాషకు సహజమే. చీటి అన్న అర్థము పోయి, బాట అన్న అర్థము నిలిచినది. కాని పరదేశపు సరిహద్దున బండి ఆపి, కాగితములు చేతికిచ్చి, అధికారి ముఖమువంక చూచుచు నిలిచిన ఆ రెండు నిమిషములలో ప్రతి యాత్రికునకు పాత అర్థమే నిజమని తెలియును. అధికారి ముద్ర వేసి, కాగితములు తిరిగి ఇచ్చి, చేయి ఊపును. అప్పుడే ఎదుటనున్న బాట రహదారి యగును.